కోరంటి నేర్పిన మండలం లెక్క

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని హైదరాబాదు పాతతరం ఇప్పటికీ ‘కోరంటి దవాఖాన’ అనే పిలుస్తుంది. క్వారంటైన్ అన్న మాటే జనం నోట నలిగి కోరంటి అయింది. ఆ మాట పుట్టుకలో ఉన్నది నలభై రోజులు. ప్లేగు భయంతో ఒకప్పుడు ఇటలీ రేవుల్లో ఓడలను ఆపి ఉంచిన గడువు అది. మన మండలం దీక్షా నలభై చిల్లర రోజులే. 1915లో అంటురోగుల శిబిరంగా మొదలైన ఈ సంస్థ తరవాత సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టుకుంది. 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన గుర్తించింది మన సికింద్రాబాదులోనే. ఈ ఆసుపత్రిలో డాక్టరుగా నేను నేర్చుకున్న పాఠాల్లో పెద్దది ఆ మండలం లెక్కే. నేర్పింది డిఫ్తీరియా.

మన పెద్దలు కంఠసర్పి అన్నది దీన్నే. గొంతులో బూడిదరంగు పొర కడుతుంది. గీకితే నెత్తురు వస్తుంది. మెడ ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు. అయితే క్రిమి గొంతు దగ్గరే ఉండిపోయినా దాని విషం నెత్తురులో కలిసి గుండెకూ నరాలకూ చేరుతుంది. నరాన్ని కప్పి ఉండే మైలిన్ తొడుగును దెబ్బతీస్తుంది. యాంటీటాక్సిన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. కణాల్లోకి దిగిపోయిన విషాన్ని అది వెనక్కి తేలేదు.

ఒక ఆరేళ్ల బాబు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాడు. రెండు వారాల కిందట గొంతు నొప్పి వస్తే, టాన్సిల్స్ అని ఎక్కడో మందులు రాసిచ్చారు. నొప్పి తగ్గింది. తల్లి చెంచాతో నీళ్లు పట్టింది. అవి ముక్కులోంచి వచ్చేశాయి. “గొంతు బాగైంది కద సార్, మళ్లీ ఇదేంది?” అందామె. “ఆ... అను నాన్నా” అన్నాను. ముక్కుతో అన్నాడు. టార్చి వెలుగులో చూస్తే కొండనాలుక కదలలేదు.

ఈ పక్షవాతం వచ్చే తీరుకు ఒక వరస ఉంది. తొలి వారాల్లో అంగిలి పడిపోతుంది. నాలుగైదు వారాలకు కంటిచూపు: దూరానివి కనిపిస్తాయి, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతాయి. మండలం దగ్గరపడ్డాక కాళ్లూ చేతులూ చచ్చుబడవచ్చు. ఊపిరి కండరాలు సోలిపోతే వెంటిలేటరు కావాలి. అప్పటికి గొంతులో పొర ఉండదు, స్వాబ్‌లో క్రిమి దొరకడమూ కష్టమే. మిగిలే ఆధారం తల్లి చెప్పే మాట ఒక్కటే.

ఇక్కడే పోలియో కోసం అల్లిన వల అక్కరకొస్తుంది. 1997 నుంచి దేశంలో ఏఎఫ్‌పీ (అక్యూట్ ఫ్లాసిడ్ పెరాలిసిస్) నిఘా నడుస్తోంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు కాలో చెయ్యో హఠాత్తుగా మెత్తబడితే వెంటనే తెలియజేయాలి. పద్నాలుగు రోజుల్లోపు, ఒక రోజు ఎడంగా రెండుసార్లు మలం నమూనా తీయాలి. 2011 జనవరి తరవాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు. అలాగని ‘పోలియో కాదు’ అని ఫైలు మూసేయకూడదు. “ఈ రెండు మూడు నెలల్లో గొంతు నొప్పి వచ్చిందా? నీళ్లు ముక్కులోంచి వచ్చాయా?” అని అడగాలి. ఆ ప్రశ్నతో ఒక డిఫ్తీరియా బయటపడితే, ఆ వీధిలో టీకా అందని పిల్లలందరూ బయటపడతారు.

మా బాబు టీకా కార్డులో మొదటి ఏడాది గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఏడాదిన్నర బూస్టరు, అయిదేళ్ల బూస్టరు గళ్లు ఖాళీ. మనం ఓడిపోతున్నది ఆ రెండు గళ్ల దగ్గరే.

ఈ నరాల జబ్బులో గొప్ప ఊరట ఏమిటంటే, ఊపిరినీ గుండెనూ కాపాడుకుంటూ వస్తే పోయిన బలం దాదాపు పూర్తిగా తిరిగొస్తుంది. బాబుకు ముక్కు గొట్టంతో పాలు పట్టారు సిస్టర్లు. పొలమారకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టారు. రాత్రుళ్లు ఊపిరి లెక్కపెట్టారు. ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద మళ్లీ రావాల్సిన తేదీలు రాసిచ్చాం. ఒక్కటీ తప్పకుండా తీసుకొచ్చింది ఆ తల్లి. మండలం దాటాక ఒకరోజు బాబు గ్లాసెడు నీళ్లు గటగటా తాగేసి, ముక్కు తుడుచుకుని చూపించాడు. చెయ్యి పొడిగానే ఉంది.