కీటకముల నెత్తురు



నల్లిని నలిపినచో ఎర్రని నెత్తురు వచ్చును గదా యని మీరనవచ్చును. అది మన నెత్తురే గాని నల్లిది కాదు. కీటకముల రక్తము సాధారణముగ వర్ణహీనముగనో, కొంచెము పసుపుపచ్చగనో యుండును. వాని ప్రక్కలనున్న సన్నని రంధ్రములనుండి గాలి గొట్టములద్వారా అవయవములకు నేరుగా పోవును గావున, ప్రాణవాయువును మోయు ఎర్రకణములతో వానికి పనిలేదు. తెల్లకణములవంటివి మాత్రము కలవు. అవి యేల యున్నవో లోకమునకు తెలియవచ్చిన చరిత్రను నేడు మనవిచేసెదను.

రష్యాదేశీయుడగు మెచ్నికాఫ్ 1882లో సిసిలీద్వీపమందలి మెస్సీనాపట్టణమున నుండెను. ఇంటివారు సర్కసు చూడ నేగిన దినమున ఒంటరిగ సూక్ష్మదర్శినికడ కూర్చుండి, గాజువలె స్వచ్ఛమగు నక్షత్రమత్స్యపు పిల్లను చూచుచు, అందు సంచరించు కణములు శత్రువు నెదుర్కొనునేమో యని తలపోసెను. వెంటనే తోటలోని గులాబిముండ్లు తెచ్చి దానిలో గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారి చూడగా కణములు ముంటిని చుట్టుముట్టి యుండెను!

1884లో, కీటకములకు దూరపుజ్ఞాతియు రొయ్యలజాతిలోనిదియునగు, ఆవగింజంత నీటిప్రాణిని పరీక్షించెను. అది మ్రింగిన ఒక బూజుయొక్క సూదులవంటి బీజములు ప్రేగును చీల్చుకొని దేహమున జొచ్చుచుండెను. కణములు వానిని మ్రింగుచుండెను. కణములు గెలిచినచో ప్రాణి బ్రతికెను, ఓడినచో చచ్చెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానమున భాగము లభించెను.

శత్రువు మ్రింగరానంత పెద్దదైనచో మఱియొక యుపాయము గలదు. కందిరీగజాతులు కొన్ని గొంగళిపురుగు దేహములో గ్రుడ్డు పెట్టును. పురుగు రక్తకణములు ఆ గ్రుడ్డుచుట్టు పొరలుపొరలుగ నంటుకొని నల్లని సమాధి కట్టును. కందిరీగయు తక్కువది కాదు. కొన్ని జాతులు గ్రుడ్డుతోపాటు ఒక వైరసును జొప్పించి ఆ కణములనే చెఱచును!

కణములేగాక రక్తద్రవము సైతము పోరాడును. ఒక పెద్ద పట్టుచిలుక జాతి పురుగు గూటిలో నిద్రించు దశయందు దానికి సూక్ష్మజీవులను సూదిమందువలె నెక్కింపగా, వానిని చంపు ద్రవ్యము దాని రక్తమున బుట్టెను. స్వీడన్‌దేశపు బోమన్ బృందము 1981లో దాని నిర్మాణమును వెల్లడించెను. 1996లో ఫ్రాన్సుదేశమందలి స్ట్రాస్‌బర్గులో హాఫ్మన్ బృందము, టోల్ అను జన్యువు చెడిన పండ్లయీగ బూజు సోకినచో నిలువజాలదని చూపెను. అట్టి జన్యువులు మనుష్యులయందును గలవని పిమ్మట తేలెను. 2011లో హాఫ్మన్‌కును నోబెల్ బహుమానమున భాగము వచ్చెను. ఈగలపై నింత ధనవ్యయ మేల యని ప్రశ్నించు పెద్దలు మన రచ్చబండలమీదను గలరు, వారికిది యుత్తరము.

1897లో మన సికిందరాబాదునందే రోనాల్డ్ రాస్ దోమకడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. దానికి దోమయు ఊరక లోబడదు. మ్రింగిన పరాన్నజీవులలో పెక్కింటిని దోమరక్తమందలి ద్రవ్యములు నశింపజేయును. కొన్ని దోమలు వానిచుట్టు నల్లని పొర గట్టి చంపును. తప్పించుకొనిన కొలదిపాటివే వృద్ధిపొంది, దోమ లాలాజలమున జేరి, రాత్రివేళ మన మంచములకడకు వచ్చుచున్నవి.