చెట్టూ పిట్టా చెప్పిన కాలం: గోదావరి మన్యంలో మన రుతువుల చరిత్ర

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు అని మన పిల్లలు బడిలో చదువుకుంటున్నారు. ఆ పుస్తకాల్లో మన గూడేల ప్రస్తావన వచ్చేది తిరుగుబాటు జరిగినప్పుడే. 1879లో రంప, 1922లో గూడెం కొండలు, అంతటితో సరి. ఆ రెండింటి మధ్యా, వాటికి ముందూ వెనకా మనం ఏం తిని బతికాం, ఏ పనికి ఏది గుర్తుగా పెట్టుకున్నాం అని ఎవరూ అడగరు. దీనికి రాతి మీద శాసనాలు లేకపోవచ్చు. అయినా ఆధారం ఉంది. మన పెద్దలు ఇంటి చుట్టూ ఉన్న చెట్టునూ పిట్టనూ పురుగునూ చూసి కట్టుకున్న కాలం లెక్కే ఆ ఆధారం. గోదావరికి రెండు వైపులా, భద్రాచలం నుంచి పాపికొండల దాకా, ఇటు రంపచోడవరం కొండల్లో ఉంటున్న కోయలం, కొండరెడ్లం ఈ లెక్కతోనే తరాలు గడిపాం.

ఇంటి చుట్టూ ఏడాది

చలి తగ్గేసరికి మోదుగ ఎర్రగా పూస్తుంది. బూరుగు ఆకు రాల్చి పూలు వేస్తుంది. గోరింకలు, కాకులు, ఏట్రింతలు ఆ తేనె కోసం కొమ్మల మీద వాలి గోల చేస్తాయి. ఆ గోల వినబడిందంటే, పోడు కోసం నరికిన కొమ్మా రెమ్మా ఎండలో ఎండే రోజులు వచ్చినట్టు. తర్వాత ఇప్ప. పువ్వు రాత్రి పూట రాలుతుంది, తెల్లవారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటుంది. అందుకే చెట్టు కింద ముందుగానే ఊడ్చి పెట్టుకుంటాం. ఇప్పపువ్వు ఎలుగుబంటికీ ఇష్టమే. కనుక చీకటితో ఒంటరిగా వెళ్లొద్దని, వెళ్తే మాట్లాడుకుంటూ వెళ్లమని పెద్దవాళ్లు పిల్లలకు చెబుతారు. ఎలుగు ఏ దారిన వచ్చింది, ఏ పుట్ట తవ్వింది అన్నది పొద్దున్నే నేల మీద చూసి చెప్పగలగడం ఆ రోజుల్లో ప్రతి ఇంటి చదువు.

మామిడి పిందె పట్టినా మనం ముట్టం. మామిడి కొత్త జరగాలి, పూజారి దేవతకు పెట్టాలి, ఆ తర్వాతే తినాలి. చిక్కుడుకూ అంతే, కొత్త ధాన్యానికీ అంతే. దీన్ని మూఢనమ్మకం అన్నవాళ్లు ఉన్నారు. కానీ ఆలోచించి చూడండి. ఊరంతా ఒక్కరోజు దాకా ఆగితే కాయ ముదురుతుంది, టెంక గట్టిపడుతుంది, విత్తనం మిగులుతుంది. ముందు ఎవరు కోసుకుంటారోనన్న పోటీ ఉండదు. రాతలో లేని చట్టం ఇది. దీన్ని నడిపించింది అధికారి కాదు, పండుగ.

ఎండలు ముదిరాక రేల చెట్టు పచ్చగా పూస్తుంది. తునికి చెట్టుకు లేత ఆకు వస్తుంది. తాడి, జీలుగు చెట్ల కల్లు ఎండాకాలంలో సగం కడుపు నింపుతుంది. భూమి పండుగలో విత్తనాలకు పూజ చేస్తాం. మొదటి వాన తర్వాత సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. వాటిని పట్టి వేయించుకుని తినడం మనకు తెలిసిన రుచి. ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు నేల మీద కనిపిస్తే పదును దిగినట్టే. కర్రతో గుంట చేసి జొన్న, సామ, కంది గింజలు వేస్తాం. చీమలు గుడ్లు మోసుకుని మిట్టకు పోతుంటే పెద్ద వాన వస్తుందని పెద్దల మాట.

వానాకాలం నడుమ గాదె అడుగంటుతుంది. అప్పుడు పుట్టగొడుగు, వెదురు కొమ్ము, ఆకుకూరలు ఆదుకుంటాయి. చేదు దుంపను ముక్కలు కోసి పారే వాగులో నానబెట్టి, చేదు పోయాక ఉడికించుకుంటాం. ఎండాకాలంలో దాచిన మామిడి టెంకల పిండి జావ అవుతుంది. ఇందులో ఏది ఎప్పుడు, ఎంతసేపు నానాలి అన్నది తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఈ లెక్కను అందచందాల కోసం నేర్చుకోలేదు, ఆకలి నెలలు దాటడానికి నేర్చుకున్నాం.

పచ్చ పండుగ తర్వాత చేను కంకి వేస్తుంది. పంట కోసేదాకా రాత్రులు మంచె మీదే. అడవిపంది ఎటు నుంచి వస్తుంది, దుప్పి ఎందుకు అరిచింది, చిలకలు ఏ వేళకు దిగుతాయి అన్నవన్నీ మంచె నేర్పింది.

పన్నులు, చట్టాలు ఈ లెక్క మీద పడిన తీరు

తిరుగుబాట్ల చరిత్రను ఈ కాలం లెక్క పక్కన పెట్టి చదివితే కొత్త సంగతి తెలుస్తుంది. రంప తిరుగుబాటు 1879 మార్చిలో రాజుకుంది. కల్లు మీద వేసిన చిగురు పన్ను, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా అడ్డుకున్న ఆబ్కారీ విధానం అందుకు ముఖ్య కారణాలు. మైదానంవాళ్లకు కల్లంటే మత్తు. మనకు అది ఎండాకాలపు ఆహారం. పన్ను పడింది తాగుడు మీద కాదు, గింజ లేని నెలల తిండి మీద. కారం తమ్మన్న దొర వెంట జనం ఎందుకు కదిలారో అర్థం కావాలంటే ఆ నెలలో మన ఇళ్లలో ఏం ఉందో, ఏం లేదో చూడాలి.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారాయి. అక్కడ పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లో పోడు కొట్టవద్దన్నారు. రేకపల్లి కూడా 1879లో లేచింది. ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేస్తామని ప్రకటిస్తారు, హక్కులు చెప్పుకోవడానికి గడువు పెడతారు, గడువులోగా చెప్పుకోని హక్కు పోతుంది. గడువు కాగితం మీది తేదీల్లో ఉంది. మన ఏడాది ఇప్పపువ్వులో, మామిడి కొత్తలో ఉంది. చదవలేని కాగితం మీద, మనం వాడని లెక్కలో మన హక్కుకు గడువు కట్టారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం పోరాటానికీ వెనక పోడు ఆంక్షలు, అటవీ చట్టాలు, రోడ్డు పనుల వెట్టి ఉన్నాయి. వెట్టికి మనిషిని లాక్కుపోతే పోయేది కూలి ఒక్కటే కాదు. విత్తే పదును దాటిపోతే ఆ ఇంటికి ఏడాది పంట లేదు. అల్లూరి సీతారామరాజు పేరుతో పాటు గాం గంటం దొర, గాం మల్లు దొరల పేర్లు పిల్లలకు చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి.

చూసినవాళ్లు, రాసినవాళ్లు

బయటివాళ్లు మన గురించి రాశారు. హైమెన్‌డార్ఫ్ 1940ల తొలి ఏళ్లలో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అచ్చువేయించాడు. అడవిదున్నల కొండలని బయటివాళ్లు పేరు పెట్టింది మన పాపికొండలకే. అలాంటి పుస్తకాలు మనకు ఉపయోగమే. కాకపోతే వాటిలో మనం చూడబడినవాళ్లం. చూసినవాళ్లుగా మన పేరు లేదు.

చూసినవాడి విలువ ఎంతో తెలియాలంటే కడప వైపు జరిగిన ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనబడలేదు. అంతరించిపోయిందని చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని గుర్తుపట్టి పట్టి ఇచ్చింది ఆ ప్రాంతపు వేటగాడే. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్లు లేని పిట్టకు ఊళ్లో పేరు మాత్రం ఉంది.

ఇప్పుడు ఏం పోతోంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. అడవి జంతువులు తగ్గిపోయిన ఈ కాలంలో అవి మిగలాలని మనమూ కోరుకుంటున్నాం. అయితే వేటలో రెండు పనులుండేవి: చంపడం, చూడడం. చంపడం ఆగాలి. అడుగు జాడ, అరుపు, మేత, ఈత కాలం తెలిసిన ఆ చూపు కూడా దానితో పాటే పోతే అడవికే నష్టం.

ఇప్పుడు మొదటి వాన, పదును వాన మధ్య పొత్తు కుదరడం లేదని పెద్దలు అంటున్నారు. పోలవరం ముంపు ఊళ్ల నుంచి పునరావాస కాలనీలకు వెళ్లిన కుటుంబాలకు ఇల్లు కట్టి ఇవ్వవచ్చు. ఇప్పచెట్టు, జీలుగుచెట్టు, దుంప తవ్వే గట్టు, నానబెట్టే వాగు ఎవరు కట్టి ఇస్తారు? మామిడి కొత్తకు మామిడి లేనిచోట పుట్టిన పిల్లకు ఆ పండుగ ఒక ముచ్చటగానే మిగులుతుంది.

ఈ జ్ఞానం కోర్టులో, గ్రామసభలో కూడా పనికొస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన 2008 నియమాలు, హక్కు కోరేవారు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. దుంపలు, అడవి పండ్లు సేకరించే చోట్లు, మేత నేలలు, నీటి వనరులు సామూహిక హక్కుకు ఆధారాలవుతాయి. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని ఆ చట్టమే చెబుతోంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. దాన్ని ఆఫీసులో కూర్చుని నింపితే మన మాట అందులో ఉండదు.

కాబట్టి యువతను, ఉపాధ్యాయులను మేము కోరేది ఒక్క నోటుపుస్తకం. ఒక బడి, ఒక గూడెం, ఒక ఏడాది. ఇప్ప మొదటి పువ్వు ఏ రోజు రాలింది, ఉసిళ్లు ఏ సాయంత్రం లేచాయి, ఏ గట్టు మీద ఏ దుంప దొరికింది, ఏ పిట్ట ఈ ఏడు రాలేదు అని తేదీ వేసి రాయండి. కోయ భాషలో ఏ పేరుంటే ఆ పేరే ముందు రాయండి, తెలుగు పేరు పక్కన పెట్టండి. చెప్పిన అవ్వ, తాత పేరు వారి అనుమతితో చేర్చండి. మందు మూలికల గుట్టు చెప్పవద్దని వారంటే రాయకండి. పది గూడేల పుస్తకాలు పక్కపక్కన పెడితే మన కాలం ఎంత మారిందో మనమే చెప్పగలం. వచ్చే ఏడాది మోదుగ పూసే నాటికి ఒక్క ఏడాది లెక్క చేతిలో ఉన్నా, గ్రామసభకు అది చాలా బలం.