గులాం అహ్మద్ (1922–1998)

హైదరాబాదు నగరమున 1922 జులై 4న జన్మించి, ఆ నగరముననే 1998 అక్టోబరు 28న దివంగతుడైన గులాం అహ్మద్, ఆఫ్‌స్పిన్ బౌలరుగా భారతదేశము పక్షమున 22 టెస్టులాడి 68 వికెట్లు తీసినవాడు. మూడు టెస్టులలో జట్టునకు నాయకత్వము వహించినవాడు. ఆట విరమించిన పిమ్మట మేనేజరుగను, కార్యదర్శిగను, సెలక్టరుగను భారత క్రికెట్టు నిర్వహణమున చిరకాలము పాల్గొన్నవాడు.

క్రీడాజీవితము: 1948 డిసెంబరు 31న కలకత్తాలో వెస్టిండీసుతో ఆరంభమైన టెస్టున ఇతడు తొలిసారి బరిలోనికి దిగెను. పొడగరియగుటచే బంతిని మిక్కిలి ఎత్తునుండి విడుచుటయు, గంటల తరబడి అలయక బౌలింగు చేయుటయు ఇతని విశేషములు. 1950–51 రంజీ పోటీలలో హోల్కరు జట్టుపై ఒక్క ఇన్నింగ్సుననే 92.3 ఓవర్లు వేసి, 245 పరుగులిచ్చి 4 వికెట్లు తీయుట ఆ ఓర్పునకు నిదర్శనము. 1952 అక్టోబరులో ఢిల్లీయందు పాకిస్థానుతో జరిగిన టెస్టున, బ్యాటింగున పేరులేని ఇతడు హేమూ అధికారితో కూడి చివరి వికెట్టునకు 109 పరుగులు చేర్చి, తాను 50 పరుగులు చేసెను. ఆ భాగస్వామ్యమును మించినది భారత జట్టున 2004 వరకు లేకపోయెను. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై 49 పరుగులకే 7 వికెట్లు కూల్చుట ఇతని ప్రతిభకు పరాకాష్ఠ.

నాయకత్వము, విరమణ: 1955 నవంబరులో ఫతేమైదానమున న్యూజిలాండుతో జరిగినది హైదరాబాదున తొలి టెస్టు, దానికి ఆ ఊరివాడైన ఇతడే నాయకుడు. అయినను నాయకత్వము ఇతనికి సుఖప్రదము కాలేదు. 1958–59లో వెస్టిండీసు జట్టు మనదేశమునకు వచ్చినపుడు అయిదు టెస్టులకు ఉమ్రిగర్, గులాం అహ్మద్, మన్కడ్, అధికారి అను నలువురు నాయకులు మారిరి. కాన్పూరు, కలకత్తా టెస్టులలో ఇతని సారథ్యమున జట్టు ఓడిపోగా, ఆ శ్రేణి ముగియకమునుపే ఇతడు టెస్టు క్రికెట్టునుండి వైదొలగెను.

మేనేజరు పదవి:  గులాం అహ్మదునకు లభించిన ఈ పదవి కఠినమైనది. 1962 మార్చిలో, ఇతడు మేనేజరుగా నున్న వెస్టిండీసు పర్యటనయందు, బార్బడోసుతో జరిగిన ఆటలో గ్రిఫిత్ విసరిన బంతి తగిలి నాయకుడు నారీ కాంట్రాక్టరు కపాలము చిట్లెను; ప్రాణాపాయస్థితిలోనున్న అతనికి శస్త్రచికిత్స జరుగగా, వెస్టిండీసు జట్టు నాయకుడగు ఫ్రాంక్ వొరెల్ సైతము రక్తదానము చేసెను. ఆసుపత్రిలో మరణముతో పోరాడుచున్న నాయకుని బాధ్యత ఒకవంక, కొలదిదినములలో ఆరంభము కానున్న టెస్టు వేరొకవంక నుండగా, ఉపనాయకుడగు మన్సూర్ అలీఖాన్ పటౌడీకి 21 ఏండ్ల ప్రాయముననే జట్టు పగ్గములు అప్పగింపబడెను. ఆ శ్రేణిలోని అయిదు టెస్టులును ఓడినను, పటౌడీ మొత్తము 40 టెస్టులలో నాయకుడై, 1968లో న్యూజిలాండుపై విదేశమున భారతమునకు తొలి శ్రేణీవిజయమును సాధించెను. పటౌడీ హైదరాబాదు పక్షమున రంజీ పోటీలలోను ఆడెను.

పాలన: ఇతడు హైదరాబాదు క్రికెట్ సంఘమునకును, తరువాత 1975 మొదలు 1980 వరకు భారత క్రికెట్ నియంత్రణమండలికిని కార్యదర్శిగా నుండెను. 1983లో ప్రపంచకప్పు గెలిచిన కపిల్‌దేవ్ జట్టును ఎంపికచేసిన సంఘమునకు అధ్యక్షుడితడే. ఒకే శ్రేణిలో నలువురు నాయకులు మారుటవలని చేటును స్వయముగ చవిచూచిన ఈ బౌలరు, ఆటగాడుగా తనకు దక్కని విజయములలో నిర్వాహకుడుగా భాగము పొందెను.