గుత్తియు, గుత్తయు

గుత్తి వేరు, గుత్త వేరు. మొదటిది అనంతపురము సీమలోని కోట. రెండవది పరుల స్థలమును ఒక గడువునకు పుచ్చుకొనుట. అయినను గుత్త మాట వచ్చినప్పుడెల్ల ఆ కోట కథ జ్ఞప్తికి వచ్చును. 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు మురారిరావును ఓడించినది గోడల బలహీనత కాదు. కొండమీద నీరు నిండుకొనినది, అతడు లొంగిపోయెను. గోడ గట్టిదైనంతనే చాలదు.

పరిశ్రమలకు స్థలము అద్దెకిచ్చు పద్ధతి చరిత్రయు ఈ మాటనే చెప్పును. చిన్న పనివాడు ఉన్న సొమ్మంతయు ఇటుకలపై పెట్టినచో యంత్రమునకు మిగులదు. అందువలన 1936లో ఇంగ్లండున టీమ్ వ్యాలీలో సిద్ధముగా కట్టిన షెడ్లను అద్దెకిచ్చిరి. మన దేశమున 1955లో రాజకోటలోను, 1958లో మదరాసు శివారున గిండీలోను పారిశ్రామికవాడలు వెలసినవి. వాటి విలువ కప్పులో లేదు. కప్పుతోపాటు వచ్చు బాటలో, విద్యుత్తులో, నీటిలో కలదు.

ఇక గడువు. వేరు ఒడంబడిక లేనిచో, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము ఉత్పత్తి పనికిచ్చిన కౌలు ఏటేటి కౌలు. దానిని ముగించుటకు ఆరు నెలల నోటీసు కావలెను. కార్యాలయపు గదికి పదునైదు దినములు చాలును. ఇందులో న్యాయము కలదు. బల్లను, పద్దు పుస్తకమును ఒక బండిలో వేసికొని పోవచ్చును. పునాదిలో బిగించిన యంత్రము అట్లు కదలదు. ఏడాదికి మించిన కౌలునకు రిజిస్ట్రీ తప్పదు.

ప్రభుత్వమే యజమాని అయినను చిక్కులు తప్పవు. హైదరాబాదులో నిజాము కాలమున ఏర్పడిన ఆజామాబాదు పారిశ్రామికవాడలోని కౌళ్లను రద్దుపరచుటకును, క్రమపరచుటకును 1992లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది.

నేడు గుత్తి హైదరాబాదు–బెంగుళూరు రహదారిపై నున్నది, రైలు కూడలియు అయినది. కాని జిల్లాలో సగటు వాన ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఊరి వెలుపల షెడ్డు వెదకు యువకుడు అద్దె యెంత అని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను: నీరెక్కడిది? గడువెంత? గడువు తీరిన పిమ్మట నేను కట్టినది ఎవరిది?

మురారిరావు రాజ్యము పోవుటకు మొదటి ప్రశ్న యొక్కటియే చాలినది.