పర్లాకిమిడిలో ముప్పయ్యేళ్లు

మా తాత విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో చేరి అక్కడే రిటైరయ్యాడు. నేను పదకొండేళ్లలో ఐదు కంపెనీలు మారాను. ఊరెళ్లిన ప్రతిసారీ ఆయన అడిగేది ఒకటే: "ఏట్రా, మళ్లీ మారిపోనావా?" హైదరాబాదులో మా స్నేహితులు అడిగేది: "ఇంకా అక్కడేనా?" ఒకచోట మారితే నిలకడ లేనట్టు, ఇంకోచోట మారకపోతే చేతకానట్టు. ఆరో ఆఫర్ లెటర్ మెయిల్లో ఉండగా, మా ప్రాంతంలో ఉద్యోగం పెద్దగా మారని ఇద్దరి గురించి మళ్లీ చదివాను.

గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి విజయనగరంలో కలిసి చదువుకున్నారు. గిడుగు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతానికి చేరి, 1911లో రిటైరయ్యారు. పర్లాకిమిడి ఇప్పుడు శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉంది. గురజాడ 1884లో విజయనగరంలో 25 రూపాయల టీచరు. బి.ఏ. అయ్యాక డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ క్లర్కుగా వెళ్లి, 1887లో 100 రూపాయల జీతం మీద మహారాజావారి కాలేజీకి తిరిగొచ్చారు. మా భాషలో మంచి హైక్! ఆ తర్వాత 1913 దాకా సంస్థానం కొలువులోనే ఉన్నారు.

దీన్ని విధేయత అనేస్తే సరిపోదు. ఆనందగజపతి ఆజ్ఞతో అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారైంది. మూడేళ్లలో 1,034 తేలాయి. దివాణం కాగితాల్లో అక్కడితో ఆగిపోవలసిన లెక్క అది. గురజాడ చేతిలో 1892లో రంగస్థలం ఎక్కి, 1897లో పుస్తకమైంది. గిడుగు ఉద్యోగం చరిత్ర పాఠాలు చెప్పడం. చుట్టుపక్కల కొండల్లో సవరలున్నారని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో వచ్చింది, అంటే రిటైరైన ఇరవై ఏళ్లకి. రెండేళ్లకోసారి మకాం మార్చే మనిషికి ఆ పని కుదిరేదా? నాకు అనుమానమే.

అయితే ఉండిపోయినందుకు ఖర్చు కూడా ఉంది. 1897లో ఆనందగజపతి చనిపోయారు. గురజాడ ఆయన సోదరి రీవా మహారాణి దగ్గర ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థానం వారసత్వపు దావా పనులు ఆయన నెత్తినే పడ్డాయి. కన్యాశుల్కాన్ని పూర్తిగా తిరగరాసి వేయడానికి 1909 వచ్చింది. ఉద్యోగం లేకుండా ఆయన బతికింది సుమారు రెండేళ్లు. 1915 నవంబరులో పోయారు.

ఇంతవరకూ రాసి, వీళ్లిద్దరూ చదువుకున్నవాళ్లు కదా అనిపించింది. అదే కాలంలో మా జిల్లాల నుంచి వేలమంది ఓడెక్కి రంగూన్ వెళ్లారు, బియ్యం మిల్లుల్లోకీ రేవులోకీ. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవాళ్లు. మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకెళ్లేవాడు, కూలిలో కోసుకునేవాడు. అప్పు తీరేదాకా పని మారడం వాళ్ల చేతిలో లేదు. 1930 మేలో రంగూన్ రేవులో కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ల చోట బర్మీయుల్ని పెట్టారు. సమ్మె తేలి పాతవాళ్లు తిరిగి రాగానే కొత్తవాళ్లని పొమ్మన్నారు. ఆ గొడవ అల్లర్లై చాలామంది చనిపోయారు. యజమాని మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి వాడుకోగలిగాడు.

మారడమా, ఉండడమా అనే ప్రశ్న కంటే ముందు అడగవలసినవి రెండున్నాయి: వెళ్లిపోయే వీలు నిజంగా ఎవరికుంది? ఉండిపోతే, ఉద్యోగం పోగా మనకంటూ ఎంత మిగులుతుంది? గిడుగుకి సవర భాష మిగిలింది. నా ఐదు కంపెనీల్లో జీతం పెరిగింది. సాయంత్రాలు మాత్రం ఒక్కచోటా మిగల్లేదు.

మొన్న దసరాకి తాతని అడిగాను, అన్నేళ్లూ ఎందుకు వదల్లేదని. "ఒగ్గి ఎక్కడికెల్తాన్రా? మనకున్నది ఆ మిల్లొకటే కదా" అన్నాడు. నేను నిలకడ అనుకున్నదాంట్లో ఇది కూడా ఉందని అప్పుడే తెలిసింది. కొత్త ఆఫర్ గురించి చెప్పాను. ఈసారి మళ్లీ మారిపోనావా అనలేదు.

"జీతం సంగతి సరే. సాయంత్రం ఎన్నింటికి ఒగ్గుతార్రా?"

ఆ సంగతి నేను హెచ్ఆర్‌ని అడగనే లేదు.