సూక్ష్మదర్శిని సోల్డరు బల్లపైకి వచ్చిన విధము

పూతలపట్టునుండి తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తుల మీదుగా నాయుడుపేటకు పోవు రహదారి వెంబడి ఒకప్పుడు విశేషముగా బెల్లపు దిమ్మెలును, మామిడికాయల బుట్టలును సాగిపోవుచుండెను. నేడు ఆ దారినే బ్యాటరీలు, ఛార్జర్లు, టెలివిజన్లు, సెల్‌ఫోనులు కూడ సాగుచున్నవి. పూతలపట్టు మండలములోని పేటమిట్ట గ్రామస్థులై, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి స్వదేశమునకు మరలి వచ్చిన గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో అమరరాజా బ్యాటరీల సంస్థను నెలకొల్పి తిరుపతి చెంత కరకంబాడిలో కర్మాగారమును నిలిపిరి. పూతలపట్టుకు పొరుగుననే, తవణంపల్లె మండలములోని దిగువమాఘమున, అదే కుటుంబమునకు చెందిన ఎలక్ట్రానిక్స్ కర్మాగారము వెలసినది. పిమ్మట రేణిగుంట ప్రాంతమున ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయములు ఏర్పడెను. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారు సెల్‌ఫోనులు కూర్ప నారంభించిరి.

ఇట్టి పని జరుగు తావు వేలమంది మెలగు కర్మాగారమైనను సరే, చిత్తూరు బజారులోని ఇరుకైన మరమ్మతు కొట్టైనను సరే, అచ్చటి బల్లపై జంటకన్నుల సూక్ష్మదర్శిని యొకటి తరచుగా కానవచ్చును. దానిని కొనగోరి అంగడికి పోయినవాడు మొట్టమొదట అడుగు ప్రశ్న, ఇది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునని. ఆ పరికరము పెరిగి వచ్చిన తీరును ఆదినుండి పరికించినచో, ఆ ప్రశ్న కడపట అడుగదగినదని నాకు తోచుచున్నది.

ఏలయన, వస్తువును పెద్దదిగా చూపుట యను సమస్య పదునేడవ శతాబ్దిలోనే చాలవరకు తీరిపోయెను. ఇంగ్లండున రాబర్ట్ హుక్ 1665లో తన 'మైక్రోగ్రాఫియా' గ్రంథమున ఈగ కన్నును, పేను దేహమును చిత్రించి లోకమును విస్మయపఱచెను. హాలండు దేశస్థుడగు లేవెన్‌హుక్, బట్టల వర్తకుడయ్యును, తానే సానబట్టిన ఒంటి కటకముతో రెండువందల రెట్లకు మించి చూచి సూక్ష్మజీవుల ఉనికిని తెలిపెను. కాని ఆ కటకమునకును చూడబడు వస్తువునకును నడుమ వెంట్రుక దూరుటకైనను చోటు కష్టము. కాగిన సోల్డరింగ్ ఐరన్ మొన, ట్వీజరు, పనివాని వ్రేళ్లు అచ్చట ఏ విధముగా చొరగలవు? అదియు గాక, ఒకటికి మించిన కటకములు గల సంయుక్త సూక్ష్మదర్శినులలో బింబము తలక్రిందుగా కనబడును. చేయి కుడికి జరిపినచో అది ఎడమకు పోవును. చూచుటకు మాత్రమే యయినచో ఈ లోపమును సహింపవచ్చును. చూచుచు పనిచేయుటకు మాత్రము అది కుదరదు.

రెండు కన్నులతో చూచెడి సూక్ష్మదర్శినిని 1670ల కాలముననే ఫ్రాన్సు దేశపు సన్న్యాసి షెరుబాఁ దొర్లేయాఁ నిర్మించెను. అయినను కన్నులు రెండు వేర్వేరు బింబములను గ్రహించుటవలననే మనకు లోతు తెలియుచున్నదని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో నిరూపించువఱకు ఆ ప్రయత్నములకు సరియైన శాస్త్రాధారము లేకపోయెను. అసలు మలుపు 1892లో వచ్చెను. అమెరికాకు చెందిన హొరేషియో గ్రీనో యను జీవశాస్త్రజ్ఞుడు, చిన్న జీవుల పిండములను కత్తితో విడదీయునపుడు లోతెఱిగి నిటారుగా చూపు పరికరము కావలెనని, యేనా నగరమందలి జైస్ సంస్థకు విన్నవించుకొనెను. ఆ సంస్థవారు రెండు గొట్టములను కొంచెము లోనికి వాల్చి యమర్చి, తలక్రిందులైన బింబమును నిలబెట్టుటకై పోరో పట్టకములను చేర్చి, ఆ దశాబ్ది ముగియక మునుపే దానిని విపణిలోనికి తెచ్చిరి. గ్రీనో కోరికలో పెద్ద రెట్ల ఊసే ప్రధానము గాదు. కటకము క్రింద చేతులాడుటకు చోటు, లోతు తెలిసెడి దృష్టి, నిటారు బింబము, ఈ మూటినే ఆయన ఆశించెను. పిండచ్ఛేదన చేయువాని అవసరమును, చిప్పు అతుకువాని అవసరమును ఇంత దగ్గఱగా ఉండుట విచిత్రమే. నేడు మన కొట్లలో అగుపించు సూక్ష్మదర్శినులలో అత్యధికము గ్రీనో పద్ధతివే.

ట్రాన్సిస్టరు 1947లో జన్మించిన పిమ్మట, వెంట్రుకకన్న సన్ననైన బంగారు తీగలను చేతితో అతుకవలసి వచ్చుటచే ఈ పరికరమునకు జీవశాస్త్రశాల విడిచి కార్ఖానాలో నివాసము దొరకెను. అమెరికన్ ఆప్టికల్ సంస్థవారు 1957లో రెండు కిరణ మార్గములకును ఒకే పెద్ద కటకము నేర్పఱచిరి; బాష్ అండ్ లాంబ్ వారు 1959లో 'స్టీరియోజూమ్' పేర, రెట్లను తెగకుండ హెచ్చించుటకును తగ్గించుటకును వీలైన యంత్రమును విడుదల చేసిరి. మొదటి పద్ధతిలో బింబము అంచువఱకు చదునుగా నుండును, వెలయు హెచ్చు. మరమ్మతు పనికి దానికై అంత ధనము వెచ్చించుట అనవసరమని నా యభిప్రాయము.

తెలుగునాట శాస్త్రపరికరముల పరిశ్రమ నిన్నమొన్నటిది కాదు. మచిలీపట్టణమున 1926లో పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు స్వీకరించిరి. హైదరాబాదున 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఇ.సి.ఐ.ఎల్. ఆరంభమయ్యెను. ఆ దినములలో రేడియో, టెలివిజను బోర్డులపై విడిభాగముల కాళ్లు రంధ్రములగుండ దిగి, వెనుకవైపు స్పష్టముగా అతుకబడుచుండెను గావున మెకానిక్కునకు కన్నులు చాలును, మహా అయినచో ఒక భూతద్దము. 1980ల పిమ్మట భాగములు బోర్డు ఉపరితలముననే కూర్చుండ మొదలిడినవి. 0402 అను కొలత గల రెసిస్టరు 1 మి.మీ. పొడవు, అర మి.మీ. వెడల్పు, 0201 కొలతది 0.6 మి.మీ. పొడవు, 0.3 మి.మీ. వెడల్పు, 01005 కొలతది 0.4 మి.మీ. పొడవే, అది ఆవగింజలో సగమైనను కాదు.

అతుకుల మంచిచెడ్డలను నిర్ణయించు ఐపీసీ-ఎ-610 ప్రమాణము తొలుత 1983లో వెలువడెను. అతుకు వెడల్పు 1 మి.మీ. మించినచో 1.5 నుండి 3 రెట్లు, అర మి.మీ. మొదలు 1 మి.మీ. వఱకు 3 నుండి 7.5 రెట్లు, అంతకన్న చిన్నవానికి 10 రెట్ల వఱకు, పావు మి.మీ. లోపువానికి 20 రెట్లు చాలునని అది చెప్పుచున్నది. వివాదము వచ్చినపుడే 40 రెట్లు. మితిమీరి పెద్దది చేసి చూచినచో నిర్దోషమైన అతుకు సయితము దోషభరితముగా కన్పట్టును. 2006 జూలైలో యూరపున ఎలక్ట్రానిక్ వస్తువులలో సీసము నిషేధింపబడిన పిమ్మట ఈ జాగ్రత్త మఱింత అవసరమయ్యెను. సీసము గల సోల్డరు 183 డిగ్రీలకు కరగి అద్దమువలె మెఱయును. తగరము, వెండి, రాగి కలిసిన క్రొత్త సోల్డరు 217 డిగ్రీలకు గాని కరగదు, చక్కగా అతికినను మసకగానే యుండును. పాతకాలపు తనిఖీదారులు మసక అతుకులన్నిటిని చల్లారి చెడినవని త్రోసివేయుట సహజమే గదా.

కావున కొనువాడు తొలుత చూడవలసినది చోటు. సాధారణమైన 7 నుండి 45 రెట్ల యంత్రమున కటకమునకు క్రింద 100 మి.మీ. మాత్రమే ఖాళీ యుండును, 0.5 బార్లో అను అదనపు కటకమును దాని క్రింద తగిలించినచో ఆ ఖాళీ ఒకటిన్నర మొదలు రెండు రెట్లు పెరుగును, రెట్లు సగమగును. నష్టమనుకొనువారికి ఒక లెక్క: 20 మి.మీ. క్షేత్రసంఖ్య గల నేత్రకటకముతో, కనిష్ఠ రెట్ల యొద్ద సుమారు 28 మి.మీ. మాత్రమే కనబడు బోర్డు, బార్లో పెట్టిన పిదప 57 మి.మీ. వఱకు కనబడును. ఫ్లక్సు పొగ అంటుకొనునది ఆ చౌక కటకమునకే గాని అసలు యంత్రమునకు గాదు. పిమ్మట, బోర్డు పైకి చాపగల చేయి గల స్టాండు. వెలుతురు విషయమున రింగు దీపమొక్కటియే చాలదు. సోల్డరు మెఱపు కంటిని చీకాకుపఱచును గావున ప్రక్కనుండి వచ్చు దీపము కూడ కావలెను. కన్నద్దములు ధరించువారు కంటికి దూరముగా నుంచి చూడదగిన నేత్రకటకములనే కోరవలెను.

కెమెరాతో తెరపై చూపు యంత్రములు నేడు చౌకగా దొరకుచున్నవి. చూచుటకును, ఖాతాదారునకు చూపుటకును అవి బాగే. ఐరన్ పట్టి పనిచేయువేళ లోతు తెలియక, చేతి కదలికకును తెర బొమ్మకును నడుమ ఏర్పడు చిన్న జాప్యమునకు చేయి తడబడును. మూడవ గొట్టము గల యంత్రమున మాత్రము కన్నులు, కెమెరా రెండును ఏకకాలమున పనిచేయుటకు వీలున్నదో లేదో కొనకముందే అడిగి తెలిసికొనవలెను. ఇంత యుండియు, అడుగుభాగమున గుండ్రని సోల్డరు బంతులతో అతుకు చిప్పులలో లోపలి అతుకులను ఏ సూక్ష్మదర్శినియు చూపజాలదు. పెద్ద కర్మాగారములు వానిని ఎక్స్‌రే యంత్రముతో పరీక్షించును. మరమ్మతు కొట్టువాడు అంచు వరుసను వాల్చి చూచి, మీటరుతో కొలిచి, మిగిలినది చేతి అలవాటునకు వదలుచున్నాడు.