ఉంగరంలో రాయి: ఒక చారిత్రక పరిశీలన

స్వంత విషయాలను విమర్శ వ్యాసాల్లోకి తీసుకురావటం నాకు ఇష్టంలేని పని. అయితే ఈ వ్యాసానికి మూలం ఒక స్వంత విషయమే గనుక, దాన్ని దాచిపెట్టి, ఏదో గ్రంథాలయంలో కూర్చుని వుండగా పుట్టిన ఆలోచనగా పాఠకుల ముందుంచటం నిజాయితీ అనిపించుకోదు. నాకు వివాహం నిశ్చయమయింది. ఆమె మరొక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతుంది. మా కులాలు వేరు. రెండు కుటుంబాలనూ ఒప్పించటానికి రెండేళ్ళు పట్టింది. ఒప్పుకున్న తరువాత మా అమ్మ పెట్టిన షరతు ఒక్కటే. నిశ్చితార్థం నాడు అమ్మాయి వేలికి వజ్రపుటుంగరం తొడగాలి. "కులంకాని పిల్లని చేసుకుంటున్నారు గనుక ఉత్తచేతులతో సరిపెట్టారని అంటారురా" అన్నది ఆవిడ. ఆ మాటలో వున్నది నగల మీద మోజు కాదు, భయం. అందుచేత నేను ఎదురుచెప్పలేకపోయాను.

విజయవాడలో ఒక దుకాణానికి వెళ్ళాము. గుమాస్తా నల్లని మఖమలు గుడ్డ మీద రెండు ఉంగరాలు పెట్టాడు. రెండింటిలోనూ అరక్యారెట్ రాయి. రెండూ ఒకే తీరున మెరుస్తున్నాయి. ఒకటి భూమిలోనుంచి తీసినది, రెండవది ప్రయోగశాలలో పెంచినది. రెండవదాని రాయి ఖరీదు మొదటిదానిలో ఐదోవంతుకూడా లేదు. ఏది ఏదో భూతద్దంతో చూసినా తాను చెప్పలేనని, అందుకు వేరే యంత్రం వున్నదని ఆ గుమాస్తా ఒప్పుకున్నాడు. కాసేపాగి, "కానీ సార్, తయారుచేసిన దానికి తిరిగి అమ్మితే విలువ వుండదు" అన్నాడు. వస్తువు ఒకటే అయినప్పుడు విలువ ఎందుకు ఒకటి కాలేదు? ఆ విలువ ఎక్కడ నుంచి వచ్చింది? తెలుగు పాఠాలు చెప్పుకునేవాడినైనా ఈ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు.

ముందుగా ఆచారం సంగతి చూద్దాము. మన నిశ్చయతాంబూలాల్లో తాంబూలం వుంది, లగ్నపత్రిక వుంది, పెట్టుపోతలున్నాయి. వధూవరులు ఉంగరాలు మార్చుకోవటం లేదు. పెళ్ళిలో బిందెలో వేసిన ఉంగరం కోసం ఇద్దరూ చేతులు పెట్టి వెతికే ముచ్చట వున్నదిగాని, అది ఆట. "నీ పెళ్ళికి ఉంగరం తొడిగారా?" అని మా అమ్మను అడిగాను. "అప్పుడు లేదులే" అన్నది. అంటే ఆవిడ కాపాడదలచుకున్న సంప్రదాయం ఆవిడ పెళ్ళికంటే వయసులో చిన్నది.

వజ్రం మీద మోజు మాత్రం మనకు పాతదే. రవ్వల దుద్దులు, ఏడురాళ్ళ కమ్మలు కలిగిన ఇళ్ళలో తరతరాలుగా ఆస్తి కింద లెక్క. అయితే ప్రాచీనులు ఈ రాయిని చూసిన దృష్టి వేరు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రాలకు కులాలు కట్టాడు. తెల్లనిది బ్రాహ్మణునికి, ఎరుపు, పసుపు రాజులకు, దిరిసెనపువ్వు వన్నెది వైశ్యునికి, కత్తివలె నల్లనిది శూద్రునికి శుభమట. భూగర్భంలో పుట్టిన బొగ్గుముక్కకు సైతం వర్ణవ్యవస్థ తప్పలేదన్నమాట! అంతేగాదు, కొడుకులు కావాలనుకునే స్త్రీలు అసలు వజ్రమే ధరించరాదని కొందరు నిపుణుల అభిప్రాయమని కూడా ఆయనే పేర్కొన్నాడు. స్త్రీకి ప్రేమచిహ్నంగా ఇవ్వవలసినది వజ్రమేననే నేటి మాటను ఆయన విని వుంటే ఏమనేవాడో! నేను ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వి, "అయితే మనకు ఏ రంగు రాయి కొనాలి? రెండు కులాలకూ సరిపోయేది వుందేమో చూడండి" అన్నది.

ఇక మన నేలకు వద్దాము. గోలకొండ వజ్రాలని లోకమంతా అంటుందిగాని, గోలకొండలో గనులు లేవు. అది బజారు, ఖజానా. గనులు కృష్ణాతీరంలోను, రాయలసీమలోను వున్నాయి. 18వ శతాబ్ది మొదట్లో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా ఈ దేశం నుంచే వెళ్ళాయి. వీటిలో కొల్లూరు మిక్కిలి ప్రసిద్ధం. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్ది మధ్యకాలంలో ఈ గనులను చూశాడు. ఆయన యాత్రాగ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయింది. కొల్లూరును ఆ దేశపు భాషలో "గని" అంటారని ఆయన రాశాడు. తెలుగువాడు "అది గని" అని చెబితే ఆ దొరగారు దాన్ని ఊరిపేరనుకున్నాడు. ఆ పొరపాటులో మన భాష ఒక పరాయి గ్రంథంలో నిలిచిపోయింది.

టావెర్నియే మనకు మిత్రుడు కాడు. కొనటానికి, లాభానికి అమ్మటానికి వచ్చినవాడు. కాని వర్తకుని కన్ను లెక్కలు తప్పదు. అందుచేతనే ఆయన రాసినది చరిత్రకారునికి పనికివస్తుంది. ఆయన చెప్పినదాని ప్రకారం ఈ గనిని తొలుత కనిపెట్టినది ఏ రాజూ కాదు. చిరుధాన్యం విత్తుకోవటానికి చెలక చదును చేసుకుంటున్న ఒక పేదవాడికి సుమారు 25 క్యారెట్ల రాయి దొరికింది. టావెర్నియే వెళ్ళేనాటికి కొల్లూరులో సుమారు 60,000 మంది పనిచేస్తున్నారు. మగవాళ్ళు గుంటలు తవ్వుతారు. ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోస్తారు. ఆ మట్టిని నీళ్ళలో కడిగి, ఎండబెట్టి, ధాన్యాన్ని చెరిగినట్టు చెరిగి రాళ్ళు ఏరుతారు. పొలంలో నేర్చిన పనే గనిలోకి వచ్చింది. రావుల్కొండ అని ఆయన పేర్కొన్న మరొక గనిలో, పని బాగా తెలిసిన కూలివానికి సంవత్సరానికి మూడు వరహాలు ముట్టేవట. ఏభైమంది కూలీలకు 12 నుంచి 15 మంది కాపలాదారులు. అయినా గోచీ తప్ప ఒంటిమీద గుడ్డలేని మనిషి రాయిని మింగి దాచుకునేవాడు. దీన్ని ఆయన దొంగతనమని రాస్తూనే, కూలి అంత తక్కువ కావటమే కారణమని కూడా రాయక తప్పలేదు.

ఈ ప్రాంతపు రాళ్ళ పేర్లు మాత్రం చరిత్ర పుస్తకాల్లో చాలా వున్నాయి. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ గవర్నరు థామస్ పిట్ కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మిన రాయి ఇక్కడిదే. దాన్ని దొరికించుకున్న బానిస కాలి గాయంలో దాచుకుని పారిపోతే, ఓడ కప్తాను దాన్ని కాజేసి వాణ్ణి సముద్రంలోకి తోశాడని ఒక కథ వుంది. కథ కల్పితమే కావచ్చు. అయినా రాయికి పిట్ పేరు, ఆ తరువాత రాజప్రతినిధి పేరు వచ్చాయిగాని, కథలో సైతం ఆ బానిసకు పేరు లేదు.

కొల్లూరు ఇప్పుడు లేదు. పులిచింతల జలాశయం కిందికి వెళ్ళిపోయింది. ఈ ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమయింది. కృష్ణా డెల్టా పైరుకు నీళ్ళు కావాలి, కాదనను. కాని నాకు కాబోయే భార్య అమ్మమ్మగారిది ఆ ముంపు గ్రామాల్లో ఒకటి. ఆవిడ ఇప్పుడు పునరావాస కాలనీలో వుంటున్నది. లోకంలోని రాజుల కిరీటాలకు రాళ్ళిచ్చిన నేలమీద పుట్టిన మనిషికి మిగిలినవి ఒక నష్టపరిహారం కాగితం, ముక్కుకు ఒక ఎర్రరాయి పుడక. ఇటు కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల్లో తొలకరి వాన పడగానే ఇప్పటికీ వందలాది కూలిజనం నేలవైపు చూస్తూ చేలల్లో తిరుగుతారు. ఎవరికైనా రాయి దొరికితే, ఖరీదు కట్టేది వ్యాపారి.

కథలో రెండవ అధ్యాయం దక్షిణాఫ్రికాది. 1867లో ఆరెంజి నది దగ్గర ఒక కుర్రవాడికి దొరికిన రాయి వజ్రమని తేలింది. కొద్ది సంవత్సరాల్లో కింబర్లీ గనులు వెలిశాయి. వజ్రం ఒక్కసారిగా బండ్లకొద్దీ దొరికే వస్తువయింది. దొరకటం పెరిగితే ధర పడిపోవాలి. దాన్ని పడనివ్వకుండా చూడటానికే 1888లో సెసిల్ రోడ్స్ డి బీర్స్ కంపెనీని నెలకొల్పి గనులన్నిటినీ ఒక గుప్పిట్లోకి తెచ్చాడు. ఆఫ్రికన్ కూలీలను కంచెవేసిన ఆవరణల్లో నిర్బంధించి, పని గడువు ముగిసేదాకా బయటికి రానిచ్చేవారు కాదు. పంపేముందు ఎవరైనా రాయి మింగారేమోనని మళ్ళీ కొన్నాళ్ళు నిర్బంధించి తనిఖీ చేసేవారు. రావుల్కొండ కాపలాదారుడు ఇక్కడ కంపెనీ చొక్కా తొడుక్కున్నాడు.

రాయి అరుదుగా వుండేటట్లు చేయటం ఒక ఎత్తు. దాన్ని కావాలనుకునేటట్లు చేయటం మరొక ఎత్తు. 1938లో ఈ కంపెనీ ఎన్.డబ్ల్యు. అయర్ అనే అమెరికన్ ప్రకటనల సంస్థను ఆశ్రయించింది. వజ్రం శాశ్వతమనే ప్రసిద్ధ నినాదం 1947లో అక్కడే పుట్టింది. శాశ్వతమనటంలో వ్యాపారరహస్యం వుంది. ఒకసారి కొన్నదాన్ని తిరిగి అమ్మటం ప్రేమకు ద్రోహమన్న భావం కలిగితే, పాతరాళ్ళు బజారుకు రావు. జపానులో వివాహపు ఏర్పాట్లు మనవలెనే పెద్దలు కుదిర్చేవి. ఉంగరం ఆచారం అక్కడ లేదు. 1967లో అక్కడ ప్రచారం మొదలుపెట్టేనాటికి వజ్రపుటుంగరం పొందిన పెళ్ళికూతుళ్ళు నూటికి ఐదుగురైనా లేరు. 1981 నాటికి సుమారు 60 మంది. ఒక తరం తిరగకుండానే సంప్రదాయం తయారయింది. మా అమ్మ భయానికి మూలం మా కులపెద్దల్లో వున్నదనుకున్నానుగాని, అందులో కొంత భాగం ఇటువంటి కార్యాలయాల్లో కూడా తయారయిందని ఇది చదివాక అర్థమయింది.

వజ్రం బొగ్గు జాతిదేనని శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. 1772లో లావోజియే వజ్రాన్ని మండించి చూశాడు. 1797లో టెనెంట్ అది శుద్ధమైన కర్బనమని రుజువుచేశాడు. బొగ్గును వజ్రంగా మార్చటానికి మరొక 150 ఏళ్ళు పట్టింది. స్వీడన్‌లో ఒక కంపెనీ 1953లోనే సాధించి రహస్యంగా వుంచింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ 1954 డిసెంబరులో సాధించాడు. కంపెనీకి కోట్లు తెచ్చిపెట్టిన ఆ పనికి తనకు దక్కిన బహుమానం 10 డాలర్ల పొదుపు బాండు అని హాల్ తరువాత చెప్పుకున్నాడు. కూలికి వరహాలిచ్చినా, శాస్త్రజ్ఞునికి బాండు ఇచ్చినా సూత్రం ఒకటే. సోవియట్ యూనియన్‌లో వెరెష్చాగిన్ బృందం 1960లో సాధించింది. ఇవన్నీ మొదట యంత్రాలకు పనికివచ్చే నలుసులు మాత్రమే. నగలకు పనికివచ్చే రాళ్ళు చౌకగా తయారుకావటానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇప్పుడు వాడుకలో వున్న రెండు పద్ధతులను ఆమె నాకు వివరించింది. ఒకటి, భూగర్భంలో వుండే ఒత్తిడిని, వేడిని యంత్రంలో పుట్టించటం. రెండవది, పలుచని వజ్రపు పలకను విత్తనంగా పెట్టి, మూసిన గదిలోకి మీథేన్, హైడ్రోజన్ వాయువులను పంపి, మైక్రోవేవ్ తరంగాలతో వాటిని విడగొట్టి, ఆ పలకమీద కర్బనాన్ని పొరలు పొరలుగా పేర్చటం. కొన్ని వారాల్లో రాయి పెరుగుతుంది. "ఇది నకిలీ కాదు. కృష్ణనీళ్ళు ఏట్లో తాగినా కుళాయిలో తాగినా నీళ్ళే" అన్నది ఆమె. 2018లో అమెరికా వాణిజ్య కమిషన్ కూడా వజ్రం నిర్వచనంలోనుంచి "సహజ" అన్న పదాన్ని తీసివేసింది.

ఇక్కడ మార్క్సును జ్ఞాపకం చేసుకోవాలి. పెట్టుబడి మొదటి సంపుటం మొదటి అధ్యాయంలోనే ఆయన వజ్రాల ప్రస్తావన తెచ్చాడు. భూమిమీద అరుదు గనుక వాటిని వెతకటానికి చాలా శ్రమకాలం పడుతుందని, అందుకే వాటికి అంత విలువ అని, కొద్దిపాటి శ్రమతో కర్బనాన్ని వజ్రంగా మార్చగలిగిననాడు దాని విలువ ఇటుకల విలువకంటే దిగువకు కూడా పడవచ్చునని ఆయన భావం. ఆ గ్రంథం వెలువడినది 1867లో. ఆరెంజి నది ఒడ్డున ఆ రాయి వజ్రమని తేలినదీ అదే సంవత్సరం! తన గనుల సరుకునే శాశ్వతమని అమ్మిన డి బీర్స్ 2018లో స్వయంగా ప్రయోగశాల వజ్రాలను క్యారెట్ 800 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ధరలు ఇంకా ఇంకా పడిపోయి, 2025లో ఆ దుకాణం కట్టివేస్తున్నట్టు ప్రకటించింది. దుకాణంలో గుమాస్తా తెలియకుండానే మార్క్సు సూత్రాన్ని వల్లించాడు.

ఈ ఉత్సాహంలో నేను ప్రయోగశాల రాయిని ఒక విప్లవంగా భావించాను. మిత్రులతో వాదించాను కూడా. కాని మన దేశంలో ఈ రాళ్ళను సానబట్టేది ఎక్కువగా సూరత్ కార్మికులే. చాలాచోట్ల రాయి లెక్కన కూలి. రాయి ధర పడితే యజమాని మొదట కోసేది ఆ కూలినే. ఇటీవలి మాంద్యంలో అనేకమంది పని పోగొట్టుకున్నారు. 2023–24 బడ్జెట్టులో కేంద్ర ప్రభుత్వం విత్తనరాళ్ళ మీద దిగుమతి సుంకం ఎత్తివేసింది. మద్రాసు ఐ.ఐ.టి.కి పరిశోధన నిమిత్తం సుమారు 243 కోట్ల రూపాయలు కేటాయించింది. పరిశోధన మంచిదే. సాన చక్రం ముందు కూర్చున్నవాడి పద్దు అందులో ఏదని అడగవలసి వుంది. పైగా ఈ యంత్రాలు రాత్రింబవళ్ళు విద్యుత్తు తాగుతాయి. మన విద్యుత్తులో అధికభాగం ఈనాటికీ బొగ్గునుంచే వస్తున్నది. గుట్టలకొద్దీ కర్బనాన్ని కాల్చి గింజంత కర్బనాన్ని పేర్చటాన్ని అచ్చంగా పర్యావరణ రక్షణ అనటం ప్రకటనలవాళ్ళకే చెల్లింది.

మరి ఉంగరమే వద్దనుకుంటే? నేను ఆ మాటే అన్నాను. ఆమె సూటిగా జవాబు చెప్పింది. "మీకు సిద్ధాంతం నిలబడుతుంది. మా ఇంట్లో మాత్రం అబ్బాయి వాళ్ళు మా పిల్లకు ఉంగరం కూడా పెట్టలేదని మిగులుతుంది. ఆ మాట మా అమ్మ పడాలి, మీరు కాదు." దీనికి నా దగ్గర సమాధానం లేదు. కులాన్ని దాటి వచ్చే అమ్మాయి మర్యాద విషయంలో, మన ఆదర్శాల ఖర్చు ఆమె మీద వేయటం మనలో చాలామంది చేస్తున్న పనే. నేనూ చేయబోయాను.

ప్రయోగశాల రాయే తీసుకున్నాము. నిర్ణయం ఆమెది. మిగిలిన డబ్బుతో రిజిస్టరు పెళ్ళినాటి భోజనాల ఖర్చు గడిచిపోతుందన్నది. మా అమ్మకు మొదటే నిజం చెప్పేశాను. ఒక పూట మాట్లాడలేదు. మరునాడు ఉంగరాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసి, "నీరు బాగానే వుంది. అడిగినవాళ్ళకు వజ్రమనే చెబుతాను, అబద్ధం కాదుగా?" అన్నది. కాదన్నాను.

రాయితోపాటు ఒక పత్రం ఇచ్చారు. బరువు, రంగు, నిర్మలత్వం, పెంచిన పద్ధతి, రాయి అంచుమీద చెక్కిన అంకె, అన్నీ అందులో వున్నాయి. సానబట్టినది ఎక్కడో, ఎవరో, ఎంత కూలికో లేదు. గుమాస్తాను అడిగితే, ఇంతవరకు ఎవరూ అడగలేదన్నాడు. నిశ్చితార్థం వచ్చే నెలలో. ఉంగరం కొంచెం వదులయింది, సరిచేయించటానికి ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.